గంట పెద్దమ్మ

బైబిల్లో వచ్చే బర్నబా అంటే నాకు చిన్నప్పుడు భయం. ఆయన మంచివాడనీ, పౌలుని ఎవరూ నమ్మని రోజుల్లో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అపొస్తలుల ముందు నిలబెట్టాడనీ సండే స్కూల్లో చెప్పేవాళ్ళు. కానీ అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో ఆయన పేరుకి అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’ అని రాసుంటుంది చూడండి, అక్కడే నాకు తేడా కొట్టేది. హెచ్చరిక అంటే ఏంటో నాకు బాగా తెలుసు మరి. హెచ్చరిక, ఈ గోడ మీద పోస్టర్లు అంటించరాదు. వారపత్రికలో సిగరెట్టు ప్రకటన కింద సన్నటి అక్షరాల్లో చట్టసమ్మతమైన హెచ్చరిక. మా ఒంగోలు వైపు ఎటు చూసినా పొగాకు పొలాలే, ఆ పనుంటేనే మాకు కూలి, అందుకని అది చదివినప్పుడల్లా ఎవరో మా ఇంటికొచ్చి మమ్మల్నే తిట్టిపోయినట్టుండేది.

ఇక గుడిలో అయితే ప్రతి ఆదివారం హెచ్చరికే. ఆరాధన అయిపోయి, కానుక సంచి తిరిగి, ప్రకటనల టైం వచ్చేసరికి ఒక సంఘపెద్ద లేచి గొంతు సవరించుకుని “సంఘానికి ఒక హెచ్చరిక” అని మొదలుపెట్టేవాడు. ఎవరు చందా కట్టలేదు, ఎవరి పిల్ల ప్రార్థనలో కళ్ళు తెరిచి నవ్వింది, ఎవరు శనివారం రాత్రి రెండో ఆటకి పోయి పొద్దున ఆవులిస్తున్నారు, అన్నీ ఆయన దగ్గర లెక్క ఉండేవి. బర్నబా కూడా ఇలాంటి పెద్దమనిషే అయ్యుంటాడనీ, యెరూషలేములో ఆయన లేచి నిలబడితే అందరూ తలకాయలు దించుకునేవాళ్ళనీ నేను చాలా ఏళ్ళు నమ్మాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య హైదరాబాద్‌లో మేం వెళ్ళే చర్చిలో శుభ శుక్రవారానికి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒకదాని మీద ప్రసంగం చెప్పమని అడిగారు. ఏ మాట కావాలి అన్నాడు ఆ కుర్రాడు. ఐదోది అన్నాను, ఆలోచించకుండా. “చిన్నది కదా అన్నా, అందుకా” అని నవ్వాడు. అవును, అందుకే. కానీ ఆ ఐదో మాట నాకు మొట్టమొదట ఎవరు ఇప్పించారో చెప్పాలంటే కాస్త పొడుగు కథ, ఓపికుంటే చదవండి.

మాది మద్దిపాడు వైపు, గుండ్లకమ్మకి దగ్గర్లో ఒక పల్లె. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి ఎడంగా ఉండే పల్లె, ఆ తేడా తెలిసినవాళ్ళకి నేను విప్పి చెప్పక్కర్లేదు. నలభై యాభై ఇళ్ళు, మధ్యలో పెంకుల గుడి. చర్చి అనే మాట మేం ఒంగోలు పోయాక నేర్చుకున్నాం, అప్పట్లో గుడి అనే అనేవాళ్ళం. గుడి ముందు వేపచెట్టు, దాని కొమ్మకి గొలుసుతో వేలాడే రైలు పట్టా ముక్క. అదే మా గంట. ఆదివారం పొద్దున మూడు గంటలు కొట్టేవాళ్ళు. మొదటి గంటకి పిల్లలకి నీళ్ళు పోయడం అయిపోవాలి, రెండో గంటకి అన్నం వార్చెయ్యాలి, మూడో గంటకి చెప్పులు గుడి బయట ఉండాలి.

మేం బాప్టిస్టులం. మా వైపు ఎవర్ని కదిలించినా 1878 కథ చెప్తారు. ధాత నామ సంవత్సరపు కరువులో జనం మలమల మాడిపోతుంటే అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని పని చూపించడం, కరువున్నంత కాలం తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆగడం, ఆ తర్వాత జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇవ్వడం. మా నాయనమ్మ వాళ్ళ తాత ఆ 2,222 మందిలో ఒకడట. ఆ అంకె మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు, ఫోన్ నంబరు లాగా.

మా నాయనమ్మకి మాత్రం ఆ పెద్ద అంకె మీద అంత మోజు లేదు. “రెండువేల మంది సంగతి అందరూ చెప్తారు, ఐదుగురి సంగతి ఎవరు చెప్తారు” అనేది. 1853లో అమెరికాలో మిషను పెద్దలు కూర్చుని, తెలుగు దేశంలో ఇన్నేళ్ళయినా వచ్చిందేమీ లేదు, నెల్లూరు ఒక్కటే ఉంది, మ్యాపు మీద ఒంటరి చుక్క, దాన్ని మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ ఒంటరి నక్షత్రం మీద పద్యాలు రాసి మర్నాడు ఇచ్చాడట, అవి చదివాక మూసే మాట వెనక్కి పోయింది. మరుసటి సంవత్సరం జనవరి 1న, ఇంకా తెల్లారకముందే, నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, దొరసానమ్మ, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోల్లో కొండెక్కి ప్రార్థన చేశారు, ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటారు. “పన్నెండేళ్ళ తర్వాత గానీ క్లౌ దొర ఒంగోలుకి రాలేదురా. ఆ చలిలో కొండెక్కినోళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏమని చెప్పుకుంటా ఎక్కారో” అని ఆశ్చర్యపోయేది నాయనమ్మ. నాకు అప్పుడు ఆ ఆశ్చర్యం అర్థం కాలేదు. ఐదుగురేంటి, మా ఇంట్లోనే ఏడుగురం.

సరే, గంట దగ్గరికొద్దాం. ఆ రైలు పట్టా ముక్క కొట్టే ఆమె పేరు సంఘం పుస్తకంలో ఉంటుంది, ఇక్కడ రాయను, ఆమె మనవళ్ళు ఫోన్లలో ఇవన్నీ చదువుతుంటారు. అందరికీ ఆమె గంట పెద్దమ్మ. ముప్పయ్యేళ్ళ లోపే మొగుడు పోయాడు, ఒక్క కూతురు, పెళ్ళి చేసి పంపించింది. సీజన్లో పొగాకు గ్రేడింగుకి పోయేది, మిగతా రోజుల్లో కలుపుకో మిరపకాయల కోతకో. పొగాకు పని చేసేవాళ్ళ చేతులు మీరు చూశారో లేదో, ఆకు జిగురు పట్టి అరచేతులు నల్లగా అయిపోతాయి, ఎంత రుద్దినా ఆదివారానికి కూడా పోదు. ప్రభు భోజనమిచ్చే బల్ల రోజున ఆ నల్లటి అరచేతిలో తెల్లటి రొట్టె ముక్క పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఇప్పటికీ నాకు ప్రభు బల్ల అంటే ఆ చెయ్యే కనిపిస్తుంది.

ఆమెకి చదువు రాదు. ఆమె ఎవరికైనా వాక్యం ఎత్తి చెప్పగా నేను వినలేదు. మూడో గంట కొట్టాక వెంటనే లోపలికొచ్చేది కాదు, వేపచెట్టు కింద నిలబడి మొదటి పాట అయ్యేదాకా ఎవరెవరు వస్తున్నారో చూసేది. ఆ సంఘపెద్ద కూడా అదే చూసేవాడు లెండి, చూపులో ఏమీ తేడా లేదు. తేడా అంతా సోమవారం తెలిసేది.

మా బాబాయి వరసయ్యే ఒకాయన డోలక్ బాగా వాయించేవాడు. తాగుడు కూడా అంతే బాగా. ఒక ఆదివారం ప్రకటనల్లో ఆయన పేరు పెట్టి హెచ్చరిక వచ్చింది. పెళ్ళాం పిల్లలు కూడా అక్కడే చాప మీద కూర్చునున్నారు. తర్వాత రెండు వారాలు ఆయన గుడి వైపు రాలేదు. మూడో సోమవారం పెద్దమ్మ పనికి పోతా పోతా డోలక్ చంకన పెట్టుకుని వాళ్ళింటికి పోయింది. నేను అక్కడే గోళీలాడుతున్నాను, ఆమె అన్నది నాకు ఇంకా చెవుల్లో ఉంది. “ఒరే, నిన్న ఆ పిల్లోడు వాయించాడురా. పాట ముందు పోతంది, దెబ్బ ఎనకొస్తంది. అయ్యగారికి కూడా నవ్వొచ్చింది. దీనికి తోలు వదులైందంట, బిగించి పెట్టు.” అంతే, మంచం మీద పెట్టేసి చకచకా పోయింది, కంపెనీకి లేటయితే లోపలికి రానీరు మరి. తాగావేంది అనలేదు, గుడికి రా అని కూడా అనలేదు. ఆయన డోలక్ బిగించాడు. శనివారం సాయంత్రం దాన్ని గుడికి తీసుకొచ్చి, లోపల పెట్టి, మోగుతుందో లేదో చూద్దామని రెండు దెబ్బలు వేశాడు, అలా వాయిస్తూ కూర్చుండిపోయాడు. తాగుడు మానేశాడా అంటే వెంటనే మానలేదు. సాక్ష్యాల్లో చెప్పినంత చక్కగా మా పల్లెలో ఏదీ జరిగేది కాదు. కానీ ఆదివారం వస్తే డోలక్ దగ్గర ఉండేవాడు, ఏడెనిమిదేళ్ళకి తాగుడే ఆయన్ని వదిలిపోయింది.

ఇంకొకటి చెప్తాను, ఇది మా అమ్మ చెప్పగా విన్నది. మా దగ్గర పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది, ఇప్పటికీ కొన్ని చోట్ల ఉంది. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, వారానికి పోగైనవి ఆదివారం తెచ్చి గుడి గుమ్మం దగ్గర డబ్బాలో పోస్తారు, అవి అయ్యగారి ఇంటికి, అంటే పాస్టరు ఇంటికి, పోతాయి. ఒక ఏడు వానల్లేక పనుల్లేవు. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల ఒకతి ఖాళీ గుడ్డ మడిచి చేతిలో పట్టుకుని, డబ్బా దగ్గర గుంపు తగ్గేదాకా చెట్టు చాటున నిలబడిందట. పెద్దమ్మ చూసింది. పైవారం నుంచి ఆమే డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం పక్కన కూర్చునేది, పైన తుండుగుడ్డ కప్పి. గుడ్డ కింద చెయ్యి పెట్టి పోయాలి. ఎవరు ఎంత పోశారో, అసలు పోశారో లేదో, బయటికి కనపడదు. ఎందుకలా అంటే “పిచ్చుకలు తింటన్నాయి” అనేది. మా అమ్మ ఎప్పుడు ఈ మాట చెప్పినా “పిచ్చుకలంట” అని కళ్ళు తుడుచుకునేది, ఆ ఖాళీ గుడ్డ పిల్ల ఎవరో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ వెలగలేదు.

అయ్యగారిని కూడా వదిలేది కాదు. ఆయన సైకిలు మీద మూడు పల్లెలు తిరిగేవాడు, జీతం ఏ నెలా టైంకి వచ్చేది కాదు. ప్రసంగం అవగానే అందరం వందనాలు అయ్యగారూ, వందనాలు అయ్యగారూ అని ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళం, అన్నం చల్లారిపోతుందని. పెద్దమ్మ ఆదివారం ఏమీ అనేది కాదు. బుధవారం కూటానికి వచ్చినప్పుడు “అయ్యగారూ, మీరు చెప్పిన ఆ బావి మాట నిన్న చేలో గుర్తుకొచ్చిందయ్యా” అనేది. అంతే. బాగా చెప్పారని కాదు, ఫలానా ముక్క ఫలానా చోట గుర్తుకొచ్చిందని. ఆయన రిటైరయ్యాక మా నాన్నతో అన్నారట, ఆ ఒక్క ముక్క కోసం బుధవారం దాకా కనిపెట్టుకుని ఉండేవాణ్ణి అని. ఇప్పుడు మన గ్రూపుల్లో పొద్దున లేస్తే నలభై ఆమెన్‌లు, దండం పెట్టే బొమ్మలు, గాడ్ బ్లెస్ యూలు. నేనూ పెడతాను, తప్పని అనను. కానీ వాటిల్లో ఒక్కటైనా చేలో గుర్తుకొచ్చిందా అని ఎవరూ అడగరు.

ఇప్పుడు నా సంగతి. నాకు నత్తి. ఇప్పుడు తగ్గింది గానీ పోలేదు, టెన్షన్ వస్తే అదీ వస్తుంది. ద, త, క, ఈ మూడక్షరాలు నాకు గుమ్మం దగ్గర నిలబడి దారివ్వని కుక్కల్లాంటివి. సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పాలంటే నా వంతు వచ్చేసరికి పిల్లలు ముందే నవ్వడానికి రెడీగా ఉండేవాళ్ళు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు, ఓదార్చేవాళ్ళు. మోషేకి కూడా నోటి మాంద్యమేరా, ఆయనంత పెద్ద నాయకుడు కాలేదా అని. అది ఎన్నిసార్లు విన్నానంటే మోషే మీద కూడా నాకు కోపం వచ్చింది. పైగా నత్తి ఉన్నవాడికి అన్నిటికంటే ఇబ్బంది ఏంటో తెలుసా, మనం ఒక మాట దగ్గర ఇరుక్కున్నప్పుడు ఎదుటివాళ్ళు దాన్ని మనకి అందించడం. సాయమే అనుకుంటారు పాపం. కానీ మనం లోపల కిందామీదా పడి దాన్ని తీసుకొస్తుంటే, వాళ్ళు చిటికెలో అనేసి, మన నోట్లో మాట మన నోట్లోనే చచ్చిపోతుంది.

పన్నెండేళ్ళప్పుడు అనుకుంటా, మీటింగులకి బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. నన్ను ముందుకి పిలిపించి, తల మీద చెయ్యి పెట్టి, మైకులో, మూగ దయ్యమా పో అని గద్దించాడు. మూడుసార్లు. ఆ తర్వాత పేరు చెప్పమన్నాడు. నా పేరు క తో మొదలవుతుంది. మిగతాది మీరు ఊహించుకోండి. విశ్వాసం చాలలేదన్నాడు. నాదా, ఆయనదా అని అడిగే వయసు కాదు నాది.

ఆ తర్వాత నేను గుడికి పోవడం మానేశాను. మా అమ్మ కొట్టి చూసింది, నాన్న మాట్లాడకుండా ఊరుకున్నాడు.

మూడో సోమవారం కాదు గానీ, ఒక రోజు సాయంత్రం పెద్దమ్మ మా గుమ్మంలోకొచ్చింది. చంకలో నల్లట్ట బైబిలు, మొగుడిది. “అబ్బయ్యా, నాకు కళ్ళజోడున్నా చదువు లేదు, నీకు చదువుంది. రోజూ ఒక అధ్యాయం చదివి పెడతావా. ఊరకే కాదులే” అని కొంగుముడి విప్పి చూపించింది, వేయించిన శనక్కాయలు. నాకు నత్తి కదా పెద్దమ్మా అన్నాను, ఆ మాటే చెప్పడానికి అర నిమిషం పట్టింది. “నాకేం తొందర, బస్సెక్కాలా” అంది.

అలా మొదలైంది. ఆమె ఇంటి అరుగు, గోడకి తగిలించిన గుడ్డి బల్బు, కరెంటు లేకపోతే బుడ్డి. ఆమె కాళ్ళు చాపుకుని శనక్కాయలు వలుస్తా కూర్చునేది, నేను చదివేవాణ్ణి. ఆమె చుట్టూ ఎప్పుడూ పొగాకు వాసన. ఒక వారం పోయాక నాకో సంగతి తెలిసింది. ఆమెకి చదువు రాదు గానీ చాలా అధ్యాయాలు నోటికొచ్చు, నలభై ఏళ్ళు విన్నది కదా. నేను చదువుతుంటే ఆమె పెదాలు కూడా నెమ్మదిగా కదిలేవి. నేను ఒక మాట దగ్గర ఇరుక్కుంటే ఆమె పెదాలు కూడా అక్కడే ఆగేవి. ఆ మాట ఏంటో ఆమెకి తెలుసు. తెలిసీ అందించేది కాదు. శనక్కాయ వలవడం కూడా ఆపేది, వేళ్ళ మధ్య పప్పు అలాగే పట్టుకుని. నా నోట్లోంచి ఆ మాట ఊడిపడ్డాక, అప్పుడు పప్పు గిన్నెలో వేసేది. ఎన్ని వందల సార్లు అలా ఆగిందో. ఒక్కసారి కూడా అందించలేదు.

హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయం ఆ అరుగు మీదే చదివాను. “సమాజముగా కూడుట మానక, ఒకనినొకడు హెచ్చరించుచు” అని వచ్చింది. ఇదిగో ఈ మాట వల్లే నేను గుడికి రాను అన్నాను, కోపంగా. ఆమెకి మొదట అర్థం కాలేదు. నేను ఆ సంఘపెద్ద సంగతీ, బర్నబా సంగతీ, గోడ మీద పోస్టర్ల సంగతీ అంతా చెప్పాను, నత్తితోనే. బాగా నవ్వింది. తర్వాత కాసేపు ఆలోచించి అంది. “చేల మీంచి చీకటి పడ్డాక గట్టెంబడి వరసగా వస్తాం చూడు. ముందు నడిచే మనిషి, ఇక్కడ గుంటుందమ్మా, ఇక్కడ ముల్లుందమ్మా, అడుగు చూసుకో అంటది. ఎనకామె తన ఎనకామెకి చెప్తది. అదిరా హెచ్చరిక. చెప్పే మనిషి కూడా అదే గట్టు మీద నడవాల. రోడ్డు మీద నిలబడి అరిస్తే అది వేరే.”

చాలా ఏళ్ళ తర్వాత వేదాంతం చదివిన స్నేహితుడొకడు చెప్పాడు. బర్నబా పేరు దగ్గర గ్రీకులో ఉన్న మాట పరాక్లేసిస్ అట, పక్కకి పిలవడం, పక్కన ఉండి ధైర్యం చెప్పడం అని. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మని ‘ఆదరణకర్త’ అన్నారు కదా, అదీ ఆ వేరులోంచే వచ్చిందట. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో దేవుడు అనుగ్రహించే ‘ఆదరణ’ కూడా అదే మాట. మన పాత బైబిలు అనువదించినవాళ్ళు ఒకచోట ఆదరణ అన్నారు, ఇంకోచోట హెచ్చరిక అన్నారు. వాళ్ళ కాలంలో ఆ మాటకి కరుకుదనం ఇంత లేదేమో. ఏదైతేనేం, వాడు గ్రీకు చెప్తుంటే నాకు గట్టు కనిపించింది.

1987 ఏప్రిల్. శుభ శుక్రవారానికి ఏడు మాటలు ఏడుగురికి పంచుతున్నారు. మా దగ్గర అదొక పెద్ద వ్యవహారం, ఎవరికి ఏ మాట అని నెల ముందు నుంచే లోపల్లోపల నడుస్తుంది. మొదటిది అయ్యగారిది. ఆరోది, ‘సమాప్తమైనది’, ఒక్క మాటే కదా, మన సంఘపెద్ద ఏటా తనే ఉంచుకుని ముప్పావు గంటకి తక్కువ కాకుండా చెప్పేవాడు. పెద్దమ్మ మామూలుగా ఈ పంపకాల్లో నోరెత్తదు. ఆ రోజు కానుక సంచులు మడత పెడతా పెడతా అంది. “ఐదోది ఆ అబ్బయ్యకియ్యండి, నాకు రోజూ చదివిపెడతన్నాడు.” నాకు గుండె ఆగిపోయింది. సంఘపెద్ద ఏదో అనబోయాడు, ఆరాధనకి ఇబ్బంది అవుద్దేమో అని. అయ్యగారు పెద్దమ్మ వైపు చూసి, పేర్ల కాగితం మీద రాసేశారు.

రెండు వారాలు ఆ అరుగు మీద తయారయ్యాం. ఏం చెప్పాలి పెద్దమ్మా అంటే, “నాలుగు ముక్కలు చాలు, చిన్నప్పుడు మేం నీళ్ళు తాగిన సంగతి చెప్తా, రాసుకో” అంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండ ఎలా ఉందంటే పెంకుల కింద కూర్చుంటే పొగాకు కాల్చే బ్యారన్‌లో ఉన్నట్టుంది. అందరూ ఉపవాసం, నోరు తడుపుకున్నవాళ్ళు లేరు. నా వంతు వచ్చేసరికి రెండున్నర. నిలబడ్డాను. ‘నేను’ అన్నాను. అది తేలిగ్గానే వచ్చింది. తర్వాత మాట ‘దప్పిగొనుచున్నాను’. ద.

రాలేదు.

ఎంతసేపు రాలేదో నాకు తెలీదు. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది, ఎవరో విసనకర్ర ఊపుతున్న చప్పుడు. వెనక మగవాళ్ళ వైపు నుంచి సంఘపెద్ద గొంతు సవరించుకోవడం వినిపించింది, నాకు తెలుసు, అందించబోతున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. వెనక్కి తిరగలేదు, నన్ను కూడా చూడలేదు, తల వంచుకునే ఉంది. నల్లటి అరచెయ్యి మాత్రం వెనక్కి తిప్పి పైకెత్తి పట్టుకుంది, ఆగండి అన్నట్టు. గుడి మొత్తం ఆగింది. ఆ మాట ఎప్పటికో ఊడిపడింది. దప్పిగొనుచున్నాను. చెయ్యి కిందికి దిగింది.

నేను చెప్పినవి ఈ నాలుగు వాక్యాలు. సిలువ మీద ఆయన తన ఒంటి కోసం అడిగింది ఇదొక్కటే. మన పెద్దవాళ్ళు బావి దగ్గర దూరంగా నిలబడి నీళ్ళు అడిగి, దోసిలి పట్టి తాగారు. పైనుంచి పోసేవాళ్ళు ఎప్పుడు ఆపేస్తారో తెలియక గబగబా మింగేవాళ్ళు. అడగడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. అంతే, కూర్చున్నాను. డోలక్ బాబాయి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. మిగతావాళ్ళ మొహాలు చూసే ధైర్యం నాకు లేదు.

మూడింటికి బయటికొచ్చాక చాలామంది భుజం తట్టారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. బాగా చెప్పావని కూడా అనలేదు. పంచలో కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చి, నేను తాగేదాకా ఉండి, “ఎల్లుండి నాలుగింటికల్లా లే. గంట నువ్వు కొడుదువు గాని” అంది. ఈస్టర్ రోజు తెల్లారకముందే మేమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతాం, దానికి కొట్టే గంట అది, ఏడాదికంతటికీ పెద్ద గంట. ఆమె దాన్ని ఎవరి చేతికీ ఇవ్వగా ఎవరూ చూడలేదు. ఆ సుత్తి అంత బరువుంటుందని నాకు తెలీదు. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పడింది.

ఇక తర్వాతవన్నీ మామూలే. ఒంగోల్లో చదువు, హైదరాబాద్‌లో ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. పెంకుల గుడి పోయి శ్లాబు గుడి వచ్చింది, పైన మైకు సెట్టు పెట్టారు, తెల్లారుజామున ఐదింటికి పాటల రికార్డు వేస్తారు, దాంతో గంట అవసరం తీరిపోయింది. వేపచెట్టు కూడా కొత్త గోడకి అడ్డమని కొట్టేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ చందాలేసుకుని కట్టుకున్న గుడి, నేనూ ఇచ్చాను. ఆ కట్టే హడావుడిలో గంట కొట్టే మనిషి ఏం చేస్తుంది అని ఎవరికీ తోచలేదు. నాకు కూడా తోచలేదు, అదే చెప్తున్నాను. ప్రతి క్రిస్మస్‌కి ఊరెళ్ళేవాణ్ణి, వాళ్ళ గుమ్మంలో నిలబడి, వందనాలు పెద్దమ్మా అని, చేతిలో ఒక నోటు పెట్టి వచ్చేసేవాణ్ణి. పిల్లలు కారులో ఉన్నారని. కూర్చున్నది లేదు. నా మాట ఊడిపడేదాకా అన్ని వందల సార్లు ఆగిన మనిషి దగ్గర నేను ఐదు నిమిషాలు ఆగలేదు, పదిహేనేళ్ళకి పైగా.

2016 జనవరిలో మా అమ్మ పోయినప్పుడు పది రోజులు అక్కడే ఉండాల్సొచ్చింది. అప్పుడు పోయాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి, చెవులు పూర్తిగా వినపడవు. గట్టిగా అరిచినా నవ్వి తలూపుతుంది అంతే. మంచం కింద రైలు పట్టా ముక్క ఉంది, తుప్పు పట్టి, పాత గోనెసంచి మీద. చేతులు తెల్లబడ్డాయి, పని మానేసి చాలా ఏళ్ళయింది కదా, ఆ చేతులు ఆమెవి కావనిపించింది. అదే నల్లట్ట బైబిలు తలగడ పక్కనుంది. తీసి, అరుగు మీద కూర్చుని, హెబ్రీయులకు పదో అధ్యాయం తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఆమె నా పెదాల వైపు చూస్తోంది, ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి, నాతో కలిసి కాదు, కొంచెం ముందూ వెనకా. మధ్యలో ఒక చోట అమ్మ గుర్తొచ్చో, ఎందుకో, క దగ్గర ఇరుక్కున్నాను. చాలాసేపు. ఆమెకి వినపడదు, కానీ నా పెదాలు ఆగడం చూసింది. ఆమె పెదాలు ఆగిపోయాయి.

అలాగే కనిపెట్టుకుని కూర్చుంది.